పడవ కొయ్యతో చేసిన సిలువ



చెకొస్లోవేకియాలోని బ్ర్నో పట్టణములో 1946లో పుట్టిన మైఖేల్ చెర్నీని, 1948లో తలిదండ్రులు కెనడాకు తీసికొని వలసపోయిరి. పెద్దవాడై ఆయన యేసుసభ గురువాయెను. 2017 నుండి వాటికనులో వలసవారి, శరణార్థుల విభాగమును నడిపించిన వారిలో ఒకడు. 2019 అక్టోబరు 5న కార్డినల్ అయినప్పుడు ఆయన రొమ్మున వ్రేలాడినది కొయ్య సిలువ. వలసవారిని మధ్యధరా సముద్రము దాటించి లాంపెడూసా ద్వీపమునకు చేర్చిన పడవ కొయ్య అది.

పోపు అధికారమును మన సంఘములు ఒప్పుకొనవు. అయినను ఆ కొయ్య నన్ను విడువకున్నది.

మత్తయి 25వ అధ్యాయములో ప్రభువు తానే పరదేశినని చెప్పెను గదా! “వచ్చినవారినందరిని చేర్చుకొన్నచో మా బిడ్డల కూలి యేమగును?” అని మనవారడుగుదురు. అది కఠినుల మాట కాదు, బీదల మాట. దానిని త్రోసివేయరాదు. అయితే కూలి తగ్గించినది దూరమునుండి వచ్చినవాడా, డబ్బు లెక్కపెట్టి యిచ్చువాడా? యాకోబు 5వ అధ్యాయము గద్దించినది కూలి బిగబట్టిన ధనవంతులనే.

మన విడవలూరు ప్రక్క రొయ్యల గుంటల గట్టున కాపురముండు పరభాషవాడు ఆదివారము మందిరపు వాకిట నిలిచినయెడల, చాపమీద ఎవరు జరిగి చోటిత్తురు?