తిరుగు విమానంలో ఎదురయ్యే ప్రశ్న



డాలస్ నుంచి దోహా దాకా దాదాపు పదిహేను గంటలు. అక్కడ విమానం మారి హైదరాబాదుకు ఇంకో నాలుగు గంటలు. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి తిరిగొచ్చే అమ్మానాన్నలకు ఈ దారి బాగా తెలుసు. మొదటి విమానంలో పక్కన ఎవరున్నారో ఎవరికీ పట్టదు. అందరికీ ఒకే రకం సీటు, ఒకే ట్రేలో భోజనం. రెండో విమానంలో తెలుగు వినపడుతుంది. ప్రాణం లేచొస్తుంది. "ఏ ఊరండీ మనది?" అంటారు పక్క సీటాయన. ఊరు చెప్తాం. తర్వాత ఇంటిపేరు. దాంతో తేలకపోతే, కాఫీ తాగుతూ మెల్లగా, "ఇంతకీ మీరేమిట్లండీ?"

అమెరికాలో మాత్రం కులం లేదా అంటే ఉంది. మనవాళ్లు సామానుతో పాటే తీసుకెళ్లారు. సియాటెల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. కాకపోతే అక్కడ నాలుగు రోజులు దాన్ని మర్చిపోయి బతకొచ్చు. తిరుగు ప్రయాణంలో అది మళ్లీ గుర్తొస్తుంది.

ఆ ప్రశ్నకు బౌద్ధులమైన మనం ఏం చెప్పాలి? కొందరు వేరే కులం పేరు చెప్పేస్తారు. కొందరు నిద్ర నటిస్తారు. కొందరు "మేం బౌద్ధులం" అని కిటికీ వైపు తిరుగుతారు. అబద్ధమాడనని శీలం తీసుకున్నాం కదా అని ఒకరంటే, నిజం చెప్పి మెడ ఎందుకు అప్పగించాలి అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ బరువుంది.

బాబాసాహెబ్‌కి ఈ చిక్కు 1917లో వచ్చింది. కొలంబియాలో, లండన్‌లో చదివి, బరోడా సంస్థానంలో కొలువు చేయడానికి వచ్చారు. అప్పట్లో ఓడ ప్రయాణం. విదేశాల్లో ఉన్న ఏళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే పూర్తిగా పోయిందని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. బరోడా స్టేషన్‌లో దిగాక అది తిరిగొచ్చింది. ఎక్కడికెళ్లాలి? ఎవరు రానిస్తారు? చివరికి ఒక పార్సీ సత్రానికి వెళ్లారు. పార్సీలకు తప్ప గది ఇవ్వరన్నారు. పార్సీ పేరు పెట్టుకుంటే ఇస్తానన్నాడు అక్కడి మనిషి. రోజుకి రూపాయిన్నర. ఆ పేరుతో పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున డజను మంది కర్రలతో వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు. హిందూ మిత్రుడు, నువ్వొస్తే నా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ మిత్రుడు, భార్యను అడిగి చెప్తానన్నాడు. ఆ దంపతులు పుట్టుకతో బ్రాహ్మణులు. మతం మారినా ఆమె ఆచారం మారలేదు. (మతం మారిన మనం ఈ ముక్క దగ్గర కొంచెం ఆగాలి.) బాబాసాహెబ్ ఒక పార్కులో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు.

మరి ఆ పేరు మార్చుకోవడం తప్పా? నా దృష్టిలో కాదు. ఆయన ఎవర్నీ మోసగించి లాభపడలేదు. నిజం చెప్పిన మనిషికి ఆ ఊళ్లో పడుకునే చోటే లేదు. అయితే ఆ పేరు ఆయన్ని పదకొండు రోజులకు మించి కాపాడలేకపోయిందన్నదీ నిజమే. ఇంకో సంగతి. ఈ విషయం మనకు చెప్పింది ఆయన శత్రువులు కాదు, ఆయనే.

సుత్తనిపాతంలో సుందరిక భారద్వాజుడనే బ్రాహ్మణుడి కథ ఉంది. నది ఒడ్డున హోమం చేసి, మిగిలిన ప్రసాదం ఎవరికి పెట్టాలా అని చూస్తుంటే, తలమీద వస్త్రం కప్పుకుని చెట్టు కింద కూర్చున్న బుద్ధుడు కనిపించాడు. దగ్గరికెళ్లి, నీ కులమేంటని అడిగాడు. శాక్యవంశంలో పుట్టినవాణ్ణని చెప్పుంటే మర్యాద దొరికేది. బుద్ధుడు ఆ మర్యాద కోరలేదు. బ్రాహ్మణుణ్ణీ కాదు, రాకుమారుణ్ణీ కాదు, వైశ్యుణ్ణీ కాదన్నాడు. పుట్టుక కాదు, నడత అడగమన్నాడు. దాచుకోలేదు, అబద్ధమూ ఆడలేదు. ఆ ప్రశ్నే సరైంది కాదన్నాడు.

"మేం బౌద్ధులం" అన్న జవాబు అలాంటిదేనా? అది "అంతకు ముందు?" అని ఆయన రెట్టించినప్పుడు తెలుస్తుంది. అప్పుడు గొంతు తగ్గితే మొదటి జవాబు కూడా ముసుగే. "పుట్టింది ఫలానా కులంలో, అది వదిలేశాం, మీరెందుకు అడుగుతున్నారు?" అనగలిగితే అది సమ్మావాచ. 1990 సవరణ తర్వాత బౌద్ధులైన మనకూ ఎస్సీ హోదా ఉంది. ఆ సర్టిఫికెట్‌ని ఆఫీసులో తలెత్తుకుని ఇస్తాం. అక్కడ లేని సిగ్గు విమానంలో ఎందుకు?

అందరికీ ఒకే కొలత పెట్టకూడదు. అద్దె ఇల్లు వెతుక్కునే అమ్మాయి ఉంది, నలుగురితో ఒకే గదిలో సర్దుకుంటున్న విద్యార్థి ఉన్నాడు. వాళ్లు నోరు మెదపకపోతే వేదికెక్కి తప్పుపట్టే హక్కు మనకు లేదు, వాళ్లది బరోడా పరిస్థితి. కానీ ఉద్యోగం చేసి రిటైరై, పిల్లలు స్థిరపడి, చేతిలో టికెట్టున్న మనిషి నిజం చెప్తే పోయేదేంటి? పక్క సీటాయన ముఖంలో నవ్వు పోతుంది. శంషాబాద్‌లో దిగాక ఆయన మళ్లీ కనపడడు.

పక్కాయన కూడా "జై భీమ్" అంటే ఇంకా సంతోషం. కాకపోతే ఆ తర్వాత కూడా మనలో కొందరు ఆగరు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి, "మనలో మీరెటు, మాలా, మాదిగా?" అంటారు.