ఏడు లెక్కల్లో ఓ రాక్ పాట

ప్రోగ్రెసివ్ రాక్ అనగానే చాలామందికి పింక్ ఫ్లాయిడే గుర్తొస్తుంది. వాళ్ల ‘మనీ’ పాట చాలావరకు ఏడు లెక్కల్లో నడుస్తుంది. మిశ్రచాపు వేసి అలవాటున్న చేతికి అదేమంత కొత్త కాదు. చిక్కల్లా ఏమిటంటే, మనం అక్కడే ఆగిపోతాం.

అదే కాలంలో ఇంగ్లండులోనే జెంటిల్ జెయింట్ అనే బృందం ఉండేది. 1972 నాటి ‘ఆక్టోపస్’ ఆల్బమ్‌లో ‘నాట్స్’ వినండి. గొంతులు ఒకదాని మాట ఒకటి అందుకుంటూ, తెంచుకుంటూ పోతాయి. మొదటిసారి గందరగోళం. నిజం చెప్పాలంటే రెండోసారీ అంతే! పాటంతా ఒక్కసారే పట్టుకోవాలని చూడకండి. ఒక్క గొంతు వెంటే వెళ్లండి. కచేరీలో మృదంగం మీదే చెవి పెట్టి కూర్చునే రసికులు చేసేదీ అదే. మళ్లీ విన్నప్పుడు ఇంకో గొంతు పట్టుకోవచ్చు.

ఫ్రాన్స్‌లో డ్రమ్మర్ క్రిస్టియన్ వాండర్ 1969లో ‘మాగ్మా’ను మొదలుపెట్టాడు. పాటల కోసం కోబాయన్ అనే భాషనే కల్పించాడు. అర్థం కావడం లేదని బెంగ వద్దు, పారిస్ వాళ్లకూ కాదు. ఇటలీ బృందం పీఎఫ్ఎం ఇంత సతాయించదు. వేణువు, మెలొట్రాన్ అనే కీబోర్డు, హాయైన బాణీలు. నన్నడిగితే 1972లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ ముందు విని, మాగ్మా జోలికి ఆ తర్వాతే వెళ్లండి.