పొడిచే ఎద్దు సంగతి తెలిసినవాడు



మన సహవాసపు వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపాల మధ్య తరచుగా కనబడే సందేశం ఒకటుంది. "కారు అమ్మకానికి ఉంది. ఒకే ఓనర్. నీట్‌గా వాడాం. మనవాళ్లకైతే ధర తగ్గిస్తాం." డబ్లిన్‌లో ఇది మామూలే. ఉద్యోగం మారి ఒక కుటుంబం టెక్సాస్ వెళుతుంది, మరో కుటుంబం ఇండియా నుంచి వచ్చి దిగుతుంది. పిల్లల్ని బడిలో దించాలన్నా, బార్ట్ స్టేషన్ దాకా వెళ్లాలన్నా, ఆదివారం ఆరాధనకు రావాలన్నా ఇక్కడ కారు కావాలి. వచ్చిన కొత్తలో కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే విశ్వాసి వాడిన కారు విశ్వాసే కొంటాడు.

ఈ చిన్న వ్యవహారంలో రెండు పెద్ద ప్రశ్నలు దాగి ఉన్నాయి. మొదటిది అమ్మేవారికి: కొనేవాడు అడగని లోపాన్ని నేను నోరు తెరిచి చెప్పాలా? రెండవది కొనేవారికి: సహోదరుని కారును పరీక్ష చేయించడం అతణ్ణి అవమానించినట్టు కాదా? ఈ రెంటికీ దేవుని వాక్యం ఏం చెబుతుందో ఆలోచిద్దాం.

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు గురించి ఒక విధి ఉంది (28, 29 వచనాలు). ఒకని ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దుకు శిక్ష పడుతుంది, యజమాని మాత్రం నిర్దోషి. అయితే ఆ ఎద్దుకు ముందునుంచీ పొడిచే అలవాటు ఉండి, ఆ సంగతి యజమానికి ఎవరైనా తెలియజేసి, అయినా అతడు దాన్ని అదుపులో పెట్టకపోతే తీర్పు మారిపోతుంది. అప్పుడు యజమాని తన ప్రాణంతో జవాబు చెప్పాలి. ఎద్దు అదే, కొమ్ములు అవే, చనిపోయింది మనిషే. మారింది ఒక్కటే. మొదటివానికి తెలియదు. రెండవవానికి చెప్పారు.

మన ఊళ్లలో పశువుల సంతకు వెళ్లిన పెద్దవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. పళ్లు చూసి వయసు లెక్కగట్టకుండా, నడిపించి చూడకుండా, సుళ్లు వెతకకుండా ఎవరూ ఎద్దును కొనేవారు కాదు. కానీ పొడిచే గుణం పళ్లలోనూ నడకలోనూ కనబడదు. అది దాన్ని పెంచినవాడికే తెలుసు. అతడు చెబితేనే కొనేవాడికి తెలుస్తుంది.

ఈనాటి మన ఎద్దు కారు. "ఇది పొడుస్తుంది" అని చెప్పే కబురు పేరు రీకాల్. 1966లో వచ్చిన వాహన భద్రతా చట్టం ప్రకారం, కారులో భద్రతకు సంబంధించిన లోపం ఉందని తేలితే తయారీదారు ఆ సంగతిని ప్రభుత్వానికి తెలియజేయాలి, యజమానులకు ఉత్తరం రాయాలి, లోపాన్ని ఉచితంగా సరిచేయాలి. కారు ఎన్ని చేతులు మారినా, ఏ రాష్ట్రంలో కొన్నా, ఆ కంపెనీ డీలరు దగ్గర రిపేరుకు డబ్బు తీసుకోరు.

ఇక్కడ రెండు మాటలను వేరుగా చూడాలి. మనం పాత కారు గురించి మొదట అడిగేది "నమ్మకమైన బండేనా?" అని. అంటే రోడ్డు మీద ఆగిపోకుండా, రిపేర్లు తక్కువగా, చాలాకాలం నడుస్తుందా అని. అది పర్సుకు సంబంధించిన ప్రశ్న. "భద్రమైన బండేనా?" అన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. తకాటా ఎయిర్‌బ్యాగుల ఉదంతం ఈ తేడాను ఎంతో బాధతో నేర్పింది. ఆ ఎయిర్‌బ్యాగును ఉబ్బించే పరికరంలో అమోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ అది పాడై, ప్రమాద సమయంలో అవసరానికి మించి పేలి, లోహపు ముక్కలను మనిషి మీదికి విసిరింది. అమెరికాలో ఇలాంటి దాదాపు 6.7 కోట్ల పరికరాలు రీకాల్ అయ్యాయి. రెండు డజన్లకు పైగా మనుషులు చనిపోయారు. 2016 జూన్‌లో భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ప్రత్యేకంగా హెచ్చరించినవి 2001 నుంచి 2003 మధ్య మోడళ్లకు చెందిన కొన్ని హోండా, అక్యూరా కార్లు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే అది పగిలే అవకాశం 50 శాతం వరకు ఉందని, వాటిని నడపవద్దని చెప్పింది. ఆ జాబితాలో సివిక్, అకార్డ్ కూడా ఉన్నాయి. నమ్మకమైన బండి అనగానే మనవాళ్ల నోట మొదట వచ్చే పేర్లు అవే! ఉదయం తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యే కారులోనే ప్రాణం తీసే లోపం దాగి ఉండగలదు.

ఆ హెచ్చరిక వచ్చిన మూడు నెలలకు, 2016 సెప్టెంబరులో, మన కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీలో 50 ఏళ్ల తల్లి ఒకామె 2001 మోడల్ సివిక్ నడుపుతూ ప్రమాదానికి గురై, ఆ ఎయిర్‌బ్యాగు పగలడం వల్ల చనిపోయారు. ఆ కారును ఆమె కుటుంబం 2015 చివర్లో, వాడిన కారుగా కొన్నది. ఆ కారుకు సంబంధించి, నమోదైన యజమానులకు ఏళ్ల తరబడి 20కి పైగా నోటీసులు పంపామని హోండా చెప్పింది. రిపేరు మాత్రం ఎన్నడూ జరగలేదు. ఆమె కుటుంబం చేతికి వచ్చేనాటికే ఆ కబురు ఎన్నోసార్లు ఎవరెవరి ఇళ్లకో చేరింది. ఎద్దు చేతులు మారింది, కబురు మాత్రం మారలేదు.

మనకు ఇంకా దగ్గరి సంగతి మరొకటి ఉంది. 2004 అక్టోబరులో రేచల్, జాక్వలిన్ హౌక్ అనే ఇద్దరు అక్కచెల్లెళ్లు అద్దెకు తీసుకున్న పీటీ క్రూజర్‌లో కాలిఫోర్నియా 101 రహదారి మీద ప్రయాణిస్తూ, లారీని ఢీకొని చనిపోయారు. ఒకరికి 24 ఏళ్లు, ఇంకొకరికి 20. పవర్ స్టీరింగ్ ద్రవం కారి మంటలు రావచ్చని ఆ మోడల్‌కు అంతకుముందే రీకాల్ వచ్చింది. రిపేరు చేయించకుండానే కారును అద్దెకిచ్చారు. 2010లో ఎంటర్‌ప్రైజ్ అద్దె కంపెనీ బాధ్యత ఒప్పుకున్నాక, మన డబ్లిన్ ఉన్న అలమీడా కౌంటీలోనే జ్యూరీ ఆ కుటుంబానికి 1.5 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. ఆ పిల్లల తల్లి అక్కడితో ఆగలేదు. ఏళ్ల తరబడి పోరాడారు. 2015 డిసెంబరులో ఆ అక్కచెల్లెళ్ల పేరుతోనే చట్టం వచ్చింది. 35 కంటే ఎక్కువ కార్లున్న అద్దె కంపెనీలు రీకాల్ రిపేరు చేయించకుండా కారును అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు.

మరి మనం? ఇక్కడే మనస్సాక్షికి పని ఉంది. రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త కారును డీలరు అమ్మకూడదని దేశ చట్టం చెబుతుంది. పాత కార్లకు అలాంటి నిషేధం దేశ చట్టంలో లేదు. కాలిఫోర్నియాలో మనం కారు అమ్మితే సాధారణంగా స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, కారు అమ్మినట్టు 5 రోజుల్లో డీఎంవీకి తెలియజేయాలి. పొగ గొట్టం నుంచి వచ్చే పొగకు సర్టిఫికెట్ కావాలి కానీ, స్టీరింగ్ ముందున్న ఎయిర్‌బ్యాగు గురించి చూపించాల్సిన కాగితం ఏదీ లేదు. చట్టం అడిగింది ఇచ్చేస్తే మన పని అయిపోయినట్టేనా? చట్టం తన హద్దు దగ్గర ఆగిపోతుంది. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞకు ఆ హద్దు లేదు.

"నాకు నిజంగా తెలియదు బ్రదర్" అనే మాట గురించి కూడా ఆలోచించాలి. నిర్గమకాండము ప్రకారం తెలియనివాడు నిర్దోషి కదా అని అనవచ్చు. కానీ ఆ రోజుల్లో ఎవరో వచ్చి చెబితే తప్ప తెలుసుకునే దారి లేదు. 2014 నుంచి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో ఏ కారైనా 17 అక్షరాల విన్ నంబరు కొడితే, పెండింగ్ రీకాళ్లు ఉచితంగా కనబడుతున్నాయి. రెండు నిమిషాల పని. సాఫ్ట్‌వేర్ పని చేసే మనకు ఇది కొత్త కాదు. లోపం ప్రకటించారు, ప్యాచ్ విడుదలైంది, అయినా సర్వర్‌కు వేయలేదు. ఆ తర్వాత డేటా పోతే "నేను ఆ నోటీసు చదవలేదు" అన్న జవాబును మన మేనేజరు ఒప్పుకుంటాడా? తెలుసుకునే తలుపు తెరిచి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని పక్కనుంచి వెళ్లడం తెలియకపోవడం కాదు, తెలుసుకోకూడదని కోరుకోవడం. లేవీయకాండము 5వ అధ్యాయం తెలియక చేసిన పాపానికి కూడా అర్పణ కోరింది. మనకు తెలియనంత మాత్రాన ఎదుటివానికి జరిగే నష్టం లేకుండా పోదు.

ఇక్కడ ఒక కష్టమైన పరిస్థితి గురించి న్యాయంగా మాట్లాడాలి. హెచ్-1బి మీద ఉన్న సహోదరునికి ఉద్యోగం పోయింది. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే అతనికి ఉన్నది 60 రోజుల గడువు. ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లల బడి సంగతి చూసుకోవాలి, కారు అమ్మితేనే విమానం టికెట్లు. డీలరును అడిగితే "పార్టులు ఇంకా రాలేదు" అన్నారు. ఇది నిజంగా జరిగేదే. రీకాల్ ముందు ప్రకటించి, పార్టులు తర్వాత పంపే సందర్భాలు ఉంటాయి. ఇప్పుడు అతడు రీకాల్ సంగతి చెబితే ధర పడిపోతుంది. అతణ్ణి తొందరపడి తీర్పు తీర్చే అర్హత మనలో ఎవరికీ లేదు. అయినా ఒక మాట నిజం. చెప్పకుండా అమ్మితే ఆ డబ్బు నష్టం మాయం కాదు, అది కొత్తగా వచ్చిన కుటుంబం నెత్తి మీదికి ప్రమాదంగా మారి వెళుతుంది. తన కష్టాన్ని తనకంటే తక్కువ తెలిసినవాడి మీదికి నెట్టే హక్కు కష్టంలో ఉన్నవాడికి కూడా లేదు. అతడు చేయదగినది నిజం చెప్పి, కాగితం మీద రాసిచ్చి, ధర తగ్గించడం. నడపవద్దనే హెచ్చరిక ఉన్న కారైతే రిపేరు అయ్యేదాకా ఎవరికీ అమ్మకపోవడం. సంఘం చేయదగినది ఆ తగ్గిన ధరను అతనొక్కడే మోయకుండా చూడటం. నాలుగు కుటుంబాలు తలా కొంత వేసుకుంటే ఒక సహోదరుని నిజాయితీ అతనికి భారం కాకుండా ఉంటుంది. అమ్మేవాణ్ణి నిజం చెప్పమని బోధించి, నిజం చెప్పినందుకు వచ్చిన నష్టంలో మాత్రం ఒంటరిగా వదిలేస్తే మన సహవాసానికి అర్థం ఏముంది?

ఇక కొనేవారి ప్రశ్న. "బ్రదర్, కొనేముందు ఒకసారి మెకానిక్‌కు చూపిస్తాను" అనడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఎజ్రా 8వ అధ్యాయం చూడండి. దేవుని మందిరానికి తీసుకువెళ్లే వెండి బంగారాలను ఎజ్రా యాజకుల చేతికి తూచి అప్పగించాడు. యెరూషలేములో మళ్లీ తూచి, లెక్క రాసి తీసుకున్నారు. వారు దేవునికి ప్రతిష్ఠితమైన మనుషులే. అయినా తూకం వేశారు, అదీ రెండుసార్లు. అది అనుమానం కాదు. రేపు ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపకుండా ఉండటానికి వేసిన కంచె. పరీక్ష చేయని నమ్మకం మొదటి రిపేరు బిల్లు రాగానే విరిగిపోతుంది. ఆ తర్వాత ఇద్దరు విశ్వాసులు ఒకే హాలులో చెరో మూల కూర్చుంటారు. కాబట్టి అమ్మే సహోదరుడే ముందుగా "తప్పకుండా చూపించండి" అనాలి.

కొనేవారికీ ఒక హెచ్చరిక ఉంది. సామెతలు 20:14 బాగాలేదు, బాగాలేదు అంటూ బేరమాడి, కొన్నాక పక్కకు వెళ్లి గొప్పలు చెప్పుకునేవాణ్ణి మనకు చూపిస్తుంది. అప్పటికే ఉచితంగా రిపేరు అయిపోయిన రీకాల్‌ను చూపించి వెయ్యి డాలర్లు తగ్గించమనడం కూడా అబద్ధపు తూకమే. రీకాల్ వచ్చిన కారు చెడ్డ కారని అర్థం కాదు. లోపాన్ని ఒప్పుకుని సరిచేశారని అర్థం. అది మన పశ్చాత్తాపం లాంటిదే. ఒప్పుకున్న దోషం కంటే దాచిన దోషమే ప్రమాదకరం.

ఆచరణలో చేయవలసినవి కొన్నే. విన్ నంబరు డ్రైవరు వైపు ముందు అద్దం కింద, డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కరు మీద ఉంటుంది. కాగితాల మీది నంబరుతో అది సరిపోవాలి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెతుకులాటలో 15 ఏళ్లు దాటిన రీకాళ్లు కనబడకపోవచ్చు, కాబట్టి మరీ పాత కారైతే ఆ కంపెనీ డీలరును కూడా అడగండి. కారు చరిత్ర రిపోర్టు తీసుకోండి, కానీ ఎవరూ నమోదు చేయని ప్రమాదం అందులో ఉండదని గుర్తుంచుకోండి. మెకానిక్ పరీక్ష మానవద్దు. కొన్నాక మీ పేరు, చిరునామా తయారీదారు దగ్గర నమోదు చేయించండి, అప్పుడే తర్వాతి ఉత్తరం మీ ఇంటికి వస్తుంది. ఈరోజు లేని రీకాల్ రేపు రావచ్చు, కనుక ఏడాదికి రెండుసార్లు మళ్లీ చూడండి.

కారు కొనగానే మనం పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించుకుంటాం. మంచిదే. నెహెమ్యా ప్రార్థనా చేశాడు, కావలీ పెట్టాడు. ఆ రెండూ అతనికి ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఇకమీదట కారు ముందు నిలబడి ప్రార్థించే ముందు ఆ 17 అక్షరాలూ ఒకసారి చూద్దాం. అమ్మేటప్పుడు తాళాలతో పాటు, ఆ కారు గురించి మనకు వచ్చిన కబురును కూడా అప్పగిద్దాం.

మన ఎద్దు గురించి మనకు తెలిసినదాన్ని పొరుగువాని ముందు దాచుకోని మనస్సాక్షిని ప్రభువు మనలో ప్రతి ఒక్కరికీ దయచేయును గాక. ఆమేన్.