చేను మేసే జింక, కాపలా కుక్క, మొదటి శీలం



దసరా దాటింది. 1956 అక్టోబరు 14న, విజయదశమి రోజున బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. ఆ రోజును తలుచుకుంటూ మీలో చాలామంది పంచశీల జెండా కింద నిలబడి శీలాలు చెప్పుకున్నారు. మొదటి శీలం ప్రాణాలు తీయకుండా ఉండడం. పొద్దున ఆ మాట చెప్పి, రాత్రికి చేను కావలికి పోయిన ఉపాసకుడు ఏం చెయ్యాలి? చేన్లో జింకలున్నాయి, పక్కన కుక్క ఉంది, చేతిలో కర్ర ఉంది. అప్పుడు శీలం ఏం చెబుతుంది?

ఇది పండితుల కోసం వేసిన ప్రశ్న కాదు. మన మూడు జిల్లాల్లో ఇది ఈ కాలపు ప్రశ్న. గద్వాలలో సీడ్ పత్తి పని నడుస్తుంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి విత్తుతారు, కంది పూతకు వస్తుంది. వానలు వెనక్కి పోయి గుట్టల మీద గడ్డి ఎండుముఖం పడుతుంది. కింద చేలు మాత్రం పచ్చగా ఉంటాయి. అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు నల్లమల నుంచి దుప్పులు, అడవిపందులు దిగుతాయి. గద్వాలకు నది అవతల మాగనూరు, కృష్ణ మండలాల్లో కృష్ణజింకలు మందలుగా చేలల్లో పడతాయి. లేత మొలక మీద మంద ఒక్క రాత్రి తిరిగితే తిన్నది కొంత, తొక్కింది ఎక్కువ.

ఇంకో సంగతి కూడా చూడండి. ముందు ఎవరి చేను పోతుంది? చెరువు కింద భూమి ఉన్నవాళ్లది కాదు. మనవాళ్లకు దక్కిన లావుణి పట్టా భూములు చాలా ఊళ్లలో గుట్ట అంచున, రాళ్ల పక్కన, అడవి మొదట్లో ఉంటాయి. జింక దిగగానే మొదట కాలు పెట్టేది అక్కడే. ఆ ఎకరం పోతే విత్తనానికి తెచ్చిన అప్పు మిగులుతుంది. అప్పు మిగిలితే పాలమూరు వలస మీకు తెలియనిది కాదు.

అందుకని మనుషులు మూడు పనులు చేస్తున్నారు. కొందరు కుక్కల్ని ఉసిగొల్పుతారు. కొందరు ఉచ్చులు వేస్తారు. కొందరు చేను చుట్టూ తీగ లాగి దానికి కరెంటు ఇస్తారు.

దీనికి రెండు సులువైన జవాబులు వినబడతాయి. ఒకటి: "జింకను తాకితే పాపం, నష్టమైతే మీ కర్మ." ఈ మాట అనేవాళ్లకు సాధారణంగా చేను ఉండదు. ఒకరి నష్టానికి పోయిన జన్మను సాక్ష్యం తెచ్చే మాటను మనం 1956లోనే వదిలేశాం. రెండోది మనవాళ్ల నోటి నుంచే వస్తుంది: "మనల్ని మనుషులుగా చూడనోళ్లు జింకల మీద జాలి చూపమంటున్నరు. మన కడుపు సంగతి ఎవరు చూస్తరు?" ఈ మాటలో నిజం ఉంది, కోపమూ న్యాయమైనదే. కానీ ఆ కోపాన్ని జింక మీద తీర్చుకుంటే, మనల్ని తొక్కినవాడికి ఏమీ తగలదు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ చిక్కును విప్పి పెట్టారు. బుద్ధుడు అహింసను ఒక నియమంగా కాక, జీవన సూత్రంగా చెప్పాడని ఆయన వివరించారు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం మాత్రం ఆలోచించి నడిచే బాధ్యత అతనికే ఇస్తుంది. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని ఆయన ఎత్తి చూపారు. అదే గ్రంథంలో కరుణకూ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ మనుషుల పట్ల ప్రేమ, మైత్రి అన్ని జీవుల పట్ల ప్రేమ. కరుణ దగ్గరే ఆగిపోవద్దన్నది బుద్ధుని బోధ. కాబట్టి జింక మన ధమ్మానికి బయటిది కాదు. ఆ చేను మీద బతికే పిల్లలూ బయటివాళ్లు కారు.

ఇప్పుడు ఆ మూడు పనుల్ని ఈ సూత్రంతో తూచి చూడండి.

కుక్కను మనం కాపలాకు పెంచుతాం. అది మొరిగితే జింక పారిపోతుంది, చేను దక్కుతుంది. అంతవరకు అవసరం తీరింది. పారిపోతున్న జింక వెనక కుక్కల్ని వదిలి, ఎంత దూరం తరుముతాయో చూస్తూ నవ్వుకుంటే అక్కడ అవసరం లేదు, కోరికే ఉంది. దుప్పి, జింక లాంటివి కుక్కకు చిక్కకపోయినా ఆ భయంతో, ఆ పరుగుతో తర్వాత చచ్చిపోవచ్చు. కరిచింది కుక్కే కావచ్చు. ఉస్కో అన్న నోరు మాత్రం మనది. చేతనా, అంటే మనసులోని సంకల్పమే కర్మ అని ధమ్మం చెబుతుంది కదా. శీలం తప్పింది కుక్క కాదు.

ఉచ్చు, కరెంటు తీగ ఇంకా ఘోరమైనవి. "నేను ఎవర్నీ చంపలేదు, తీగ పెట్టి పడుకున్న" అంటాడు మనిషి. కానీ తీగకు కళ్లుండవు. పందికి పెట్టిన దానికి దుప్పి పడుతుంది, పెంచిన కుక్క పడుతుంది, తెల్లారి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను కూలీ పడతాడు. ఇట్లా పోయిన మనుషుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఎవరు చచ్చినా సరే అనుకుని పడుకోవడం కూడా సంకల్పమే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కేసు అయితే జైలుకు పోయేదెవరో, లాయర్‌ను పెట్టుకుని బయటపడేదెవరో మీకు చెప్పనక్కర లేదు.

మరి ఏం చెయ్యాలి? నిగ్రోధమిగ జాతకం ఈ ప్రశ్ననే ఎదుర్కొంది. అందులో కాశీ రాజు జింకల్ని రోజూ వేటాడేవాడు. తర్వాత వంతు పెట్టుకుని రోజుకొక జింక పోయేది. ఒక చూలు జింక వంతు వచ్చినప్పుడు జింకల రాజు నిగ్రోధుడు ఆమె బదులు తానే నరుకుడు మొద్దు మీద మెడ పెట్టాడు. రాజు మనసు మారి జింకలన్నిటికీ అభయం ఇచ్చాడు. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. కథ ఆగలేదు. భయం పోయిన జింకలు రైతుల చేలు మేశాయి. రైతులు పోయి రాజు ముందు మొరపెట్టుకున్నారు. రాజు మాట వెనక్కి తీసుకోలేదు. అప్పుడు నిగ్రోధుడు తన మందను పిలిచి ఇక మనుషుల పంట తినవద్దన్నాడు. రైతులు కంచెలు వెయ్యనక్కరలేదని, చేను గట్టున ఆకులు కట్టి గుర్తు పెడితే చాలని కబురు పంపాడు.

రాజు ఇచ్చిన అభయం గొప్పదే. కానీ దాని ఖర్చు పడింది రైతు మీద. ఆ ఖర్చును లెక్కలోకి తెచ్చేదాకా కథ ముగియలేదు. వానాకాలంలో భిక్షువులు ఒక్కచోట ఉండాలన్న వర్షావాస నియమం కూడా ఇట్లాగే పుట్టింది. భిక్షువులు తిరుగుతూ పచ్చని మొక్కల్ని, చిన్న ప్రాణుల్ని తొక్కుతున్నారని జనం ఆక్షేపించారు. బుద్ధుడు ఆ ఆక్షేపణ విని సంఘం నడకనే మార్చాడు. రెండు చోట్లా చూడండి, ఫిర్యాదు చేసినవాణ్ణి ఎవరూ పాపి అనలేదు.

ఇప్పుడు మన రాజు సర్కారు. తెలంగాణ రాష్ట్ర జంతువు జింకే. జింకను గౌరవించిన సర్కారు ఆ జింక మేసిన ఎకరానికి లెక్క చెప్పాలి. పంట పోయిన రోజే ఫోటోలు తియ్యండి, కాలిగుర్తులు చెరగకముందే అటవీశాఖ వాళ్లను, వ్యవసాయ అధికారిని పిలవండి, పంచనామా అడగండి, అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఒక్కరు పోతే తిప్పి పంపుతారు. విహారం తరఫున పదిమంది పోయి నిలబడండి. బోధించు, సమీకరించు, పోరాడు అన్నది సభల్లో చెప్పుకోవడానికే కాదు, ఈ అర్జీకి కూడా వర్తిస్తుంది.

రెండోది మన చేతిలో ఉన్న పని. మంచె మీద ఒక్కడే నెలరోజులు మేలుకుంటే విసుగొచ్చి తీగ వైపు చెయ్యి పోతుంది. ఐదారు చేలవాళ్లు వంతులు పెట్టుకుంటే ఒక్కొక్కరికి వారానికి ఒకటి రెండు రాత్రులే పడతాయి. గట్టు మీద పాత చీరలు కట్టండి, డబ్బాలు కొట్టండి, దివిటీ లైటు తిప్పండి. పాత చీర జాతకంలోని ఆకుల గుర్తు లాంటిదే. ఒక్కోసారి జింక దాన్ని లెక్కచెయ్యదు, అందుకే మనిషి మేలుకుని ఉండాలి. అప్పుడు మెలకువ ధ్యానంలో ఎంత అవసరమో మంచె మీద కూడా అంతే అవసరమని తెలుస్తుంది.

మూడోది కుక్క సంగతి. పంట ఇంటికి చేరగానే కొందరు బతుకుదెరువుకు పోతారు, కుక్క చేను దగ్గరే మిగులుతుంది. తిండి లేని కుక్కలు గుంపు కడతాయి, దుప్పి పిల్లల మీద, మేకల మీద పడతాయి. అప్పుడు ఊరు వాటికి విషం పెడుతుంది. ఆ చావుకు మొదలు మనం వదిలిపోయిన రోజే పడింది. పోయేముందు ఒక ఇంటికి అప్పజెప్పండి, గింజలో కొంత దాని పేరున ఇచ్చి పోండి. పశువుల దవాఖానలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించండి.

ఇవన్నీ చేసినా కొంత పంట పోతుంది. మైత్రి ఏ ఖర్చూ లేకుండా వస్తుందని బుద్ధుడు చెప్పలేదు. ఆ ఖర్చు ఊళ్లో అందరికన్నా పేదవాడి మీద ఒక్కడి మీదే పడితే మాత్రం అది మైత్రి కాదు. పడకుండా చూడడం సంఘం పని. కాబట్టి ఈ పున్నమికి విహారంలో వందన అయ్యాక లేచిపోకండి. గుట్ట అంచున చేను ఎవరిదో అడగండి, ఆ రాత్రుల్లో మీ వంతు ఏదో రాయించుకోండి.

జై భీమ్. నమో బుద్ధాయ.