తీసుకుపొమ్మన్నాం, ఎక్కడికని అడిగామా?

ఇది నేను సంతకం చేసిన ఒక అర్జీ కథ. ఆ రోజు సంతకం పెడుతున్నప్పుడు నా మనసుకు ఏ తప్పూ తోచలేదు. ఇప్పుడు మాత్రం ఆ కాగితం గుర్తుకొచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను నిలదీస్తున్నది. దాన్ని మీ ముందు కూడా ఉంచాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది బొగ్గుగనులకు దగ్గరగా ఉన్న పట్టణం. బస్టాండు నుంచి మా దేవాలయానికి వచ్చే దారిలో మూతపడిన దుకాణాల వరండాలు కొన్ని ఉన్నాయి. చీకటి పడితే అక్కడ అయిదారుగురు చేరేవారు. వారిలో ఒకరు ఒక కాలు లేని ముసలాయన. ఒకామె తనలో తానే మాట్లాడుకుంటూ ఉండేది. తక్కినవారు కల్లుకో, గుడుంబాకో, గంజాయికో బానిసలైన యువకులు. పొద్దున లేచేసరికి ఆ వీధిలో సీసా పెంకులు, వాంతులు, దుర్వాసన. రాత్రి పూట కేకలు, బూతులు.

నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక, మా విచారణకు చెందిన ఒక అక్క నన్ను ఆపి అడిగింది. "సారూ, మీరు దయ, ధర్మం అని మస్తు రాస్తరు. నా బిడ్డ ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడున్నరైతది. ఆ వరండాల పొంటి నడవాలంటే దానికి బుగులు. మొన్న ఒకడు చెయ్యి పట్టి గుంజిండు. కౌన్సిలరుకు చెప్పినం, పోలీసోళ్లకు చెప్పినం. ఒక్కరన్న వచ్చిండ్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి కోపంలో అన్యాయం ఏముంది? తన బిడ్డ భయం లేకుండా ఇంటికి రావాలని కోరడం ఏ తల్లికైనా హక్కు. బీదల పట్ల జాలి చూపించమని ఆమెకు బోధించే ముందు, ఆ వీధిలో నివసించనివాడు కాస్త ఆలోచించుకోవాలి. దూరాన ఉన్నవారికి దయ సులువు, పక్కన ఉన్నవారికే కష్టం.

ఆ వారమే అర్జీ తయారైంది. "ఈ మనుషులను మా వీధి నుంచి వెంటనే తొలగించవలసిందిగా ప్రార్థన" అని రాసి, అరవై మందిమి సంతకాలు చేశాం. ఆశ్చర్యమేమంటే, అన్నాళ్లు ఉలుకూ పలుకూ లేని యంత్రాంగం ఈసారి కదిలింది. వారం తిరగకుండానే ఒక రాత్రి వాహనం వచ్చింది. అందరినీ ఎక్కించుకు పోయింది. మరునాడు వరండాలు కడిగి బ్లీచింగ్ పౌడర్ చల్లారు. మేమంతా సంతోషించాం. ఒకరికొకరం అభినందనలు కూడా చెప్పుకున్నాం.

పది రోజుల తరువాత ముగ్గురు యువకులు మళ్లీ అదే వరండాలో కనిపించారు. నలభై కిలోమీటర్ల అవతల ఒక పుణ్యక్షేత్రం దగ్గర దించేస్తే నడిచి వచ్చామన్నారు. ముసలాయన ఏడి అని అడిగాను. వారిలో ఒకడు నా ముఖంలోకి చూసి, "తాతనా సారూ? గుడి మెట్ల కాడ దించిండ్రు. మేం నడిచినం. తాత ఎట్ల నడుస్తడు?" అన్నాడు.

ఆ తరువాత ముసలాయన సంగతి గాని, ఆ ఆడమనిషి సంగతి గాని మాకు తెలియలేదు. వెతకడానికి మా దగ్గర వారి పేర్లు కూడా లేవు. అరవై మందిమి మా పేర్లు రాసిన కాగితంలో వారి పేరు ఒక్కటీ లేదు.

ధనవంతుని గుమ్మం ముందు పడి ఉన్న లాజరు కథ మనకు చిన్ననాటి నుంచీ తెలుసు. ధనవంతుడు లాజరును కొట్టినట్లు గాని, తిట్టినట్లు గాని ఆ ఉపమానంలో లేదు. చూసీ చూడనట్లు ఉండడమే అతని నేరం. మరి మేం? లాజరు గుమ్మం ముందు ఉండకుండా ఏర్పాటు చేసుకున్నాం. చూడవలసిన అవసరమే లేకుండా చేసుకున్నాం.

ఇది మా ఒక్క పట్టణపు వైఖరి కాదు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ వ్యాపార సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుని కుమార్తె వస్తున్నదని రోడ్లు బాగు చేశారు, గోడలకు రంగులు వేశారు, భిక్షాటనను నిషేధించారు. వీధుల్లో ఉన్నవారిని పట్టుకుపోయి జైళ్ల ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలలో ఉంచారు. అతిథులు వచ్చి వెళ్లిపోయారు. కూడలుల దగ్గర చేతులు చాచేవారు మళ్లీ కనిపించారు. పేదరికాన్ని ఒక చోటి నుంచి మరొక చోటికి మార్చవచ్చు గాని, మార్చినంత మాత్రాన అది తగ్గదు.

మరి ఏం చేయాలి? ఆ అక్క బిడ్డ భయపడుతూ నడవవలసిందేనా? కాదు. ఇక్కడ రెండు సంగతులను విడదీసి చూడడం మనం నేర్చుకోవాలి. ఆడపిల్ల చెయ్యి పట్టి లాగినవాడు నేరం చేశాడు. వాడికి ఇల్లు లేదన్న కారణంతో ఆ నేరం మాసిపోదు. కేసు పెట్టవలసిందే. కాని కాలు లేని ముసలాయన ఏ నేరం చేశాడు? తనలో తాను మాట్లాడుకునే ఆమె ఎవరికి హాని చేసింది? మా అర్జీ నేరం చేసినవాడినీ, దిక్కులేనివాడినీ ఒకే వాక్యంలో కలిపేసింది. అది మేం చేసిన మొదటి తప్పు.

ఇక మత్తుకు బానిసైన వారి సంగతి. "వాడు తాగమంటే తాగాడా? వాడి ఇష్టంతోనే కదా పాడయ్యాడు?" అని మనవారు అంటారు. మొదటి గ్లాసు ఎత్తినప్పుడు ఇష్టం ఉండవచ్చు. అయితే మన ఉత్తర తెలంగాణలో కల్లు పేరుతో అమ్మేదంతా చెట్టు కల్లు కాదని అందరికీ తెలుసు. అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపిన తెల్లని నీళ్లను ఎన్నో ఏళ్లుగా కూలి జనం చేత తాగించారు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై కఠినంగా వ్యవహరించినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్లు అందక జనం ఫిట్స్‌తో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే కోల్పోయారు. తాగితే ఒక ప్రమాదం, వైద్యం లేకుండా ఉన్నట్టుండి మానేస్తే మరొక ప్రమాదం. అటువంటి వాడితో "బుద్ధి తెచ్చుకో" అని మాత్రమే చెప్పడం, బావిలో పడినవాడికి గట్టు మీద నుంచి ఈత గురించి ఉపన్యాసం ఇచ్చినట్లే. అతనికి బాధ్యత లేదని నేను అనను. బాధ్యత ఉన్నవాడికి సహాయం అవసరం లేదనడం మాత్రం న్యాయం కాదు.

ఈ తేడాను మన చట్టమే గుర్తించింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. తక్కువ మోతాదుతో పట్టుబడిన బానిస స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకు వస్తే అతనిపై విచారణ ఉండదు. అమ్మేవాడికి ఈ రక్షణ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ మరొక మాట చెబుతున్నది. మతిస్థిమితం లేక వీధుల్లో తిరిగే వ్యక్తిని రక్షణలోకి తీసుకొని, 24 గంటలలోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చడం ఆ స్టేషన్ పోలీసు అధికారి విధి. గుడి మెట్ల దగ్గర దించి రావడం చట్టంలో ఎక్కడా లేదు. ఈ సంగతి మాకు అప్పుడు తెలిసి ఉంటే ఆమెను తొలగించమని కాక, ఆసుపత్రికి చేర్చమని అడిగి ఉండేవాళ్లం.

ఇప్పుడు నాయకుల సంగతికి వద్దాం. మనకు వారి మీద ఉన్న కోపం ఉత్తది కాదు. 2023 ఆగస్టులో మన రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే దాదాపు 1 లక్షా 32 వేలు వచ్చాయి. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షలు. దుకాణాల మీద ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలకు పైగా చేరాయి. తాగించడం ద్వారా ఇంత సంపాదించే ప్రభుత్వం, తాగి పడిపోయినవాడి కోసం జిల్లాకు ఎన్ని పడకలు వేసిందని అడగడం మన హక్కు కాదా?

పట్టణాల పాలన చూడండి. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించింది. నాటిన మొక్కలలో 85 శాతం బతకాలని, బతకకపోతే వార్డు సభ్యుడు పదవి కోల్పోతాడని కూడా నిర్దేశించింది. మంచిదే, చెట్లు కావాలి. కాని మొక్క ఎండిపోతే పదవి పోతుందని రాసిన చట్టంలో, ఆ మొక్క పక్కన చలికి మనిషి చచ్చిపోతే ఎవరి పదవీ పోతుందని రాయలేదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు, లక్ష జనాభాకు కనీసం నూరు మంది నిరాశ్రయులకు శాశ్వత వసతి ఉండాలన్నాయి. ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. 2011 లెక్కల ప్రకారమే కరీంనగర్ జనాభా రెండున్నర లక్షలు దాటింది. అంటే ఆ నగరంలో కనీసం రెండు వందల యాభై మందికి చోటు ఉండాలి. చలికాలంలో రాష్ట్రమంతటికీ ఆదిలాబాద్ చలి గురించే వార్తలు వస్తాయి కదా, అక్కడి పట్టణాలలో ఈ లెక్క ఇంకెంత ముఖ్యం! మీ పట్టణంలో అటువంటి గది ఎక్కడ ఉందో, రాత్రి దాని తలుపు తెరిచి ఉంటుందో లేదో ఒకసారి వెళ్లి చూశారా?

అయితే నాయకులను తిట్టి చేతులు దులుపుకోవడం కూడా తేలికే. అదే 2019 చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలన్నది. యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కొక్క దానిలో పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. మా అర్జీ మీద సంతకాలు కూడా అరవై! మేం కూర్చుని అడగడానికి చట్టం చోటు ఇచ్చింది. ఆ కమిటీలలో ఎవరున్నారో మాలో ఒక్కరికీ తెలియదు. మేం ఏనాడూ అడగలేదు. 2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు కూడా మా వీధికి తేడా తెలియలేదంటే, అందులో మా నిర్లక్ష్యం వాటా ఎంత?

అడిగితే కదులుతారు అనడానికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. గమనించవలసింది ఏమంటే, ఆ తల్లులు తాగిన భర్తలను ఊరి నుంచి తరిమెయ్యమని అడగలేదు. తాగించే దుకాణం మూసెయ్యమన్నారు. వారి కోపం బలవంతుని వైపు తిరిగింది. మా కోపం మాకంటే బలహీనుని వైపు తిరిగింది.

వసతిగృహం పెట్టమంటే "మా వీధిలో వద్దు" అనే మాట తప్పక వస్తుంది. 1952లో కలకత్తా నగరపాలక సంస్థ ఇచ్చిన భవనంలో, కాళీఘాట్ ఆలయం పక్కన మదర్ తెరెసా మరణాసన్నులకు ఆశ్రయం తెరిచినప్పుడు కూడా చుట్టుపక్కల వారు అభ్యంతరం చెప్పారు. అక్కడ జరుగుతున్న సేవ చూసిన కొద్దీ ఆ వ్యతిరేకత తగ్గింది. తలుపు, తాళం, కాపలాదారు, వారానికి ఒక వైద్యుడు ఉన్న గది వీధికి ప్రమాదం కాదు. ఏ తలుపూ లేని వరండాయే ప్రమాదం.

ప్రియ పాఠకులారా, అర్జీ రాయడం మానమని నేను చెప్పడం లేదు. తప్పక రాయండి. కాని "తీసుకుపొండి" అని రాసిన ప్రతి చోటా "ఎక్కడికి" అన్నది కూడా రాయండి. ఆ మాట లేని అర్జీ మన బరువును పక్క ఊరి గుమ్మం ముందు దించి రావడమే. మీ వీధిలో పడుకునేవారి పేర్లు తెలుసుకోండి. మత్తు మానాలనుకునే వారికి 14446 అనే జాతీయ ఉచిత నంబరు ఉందని చెప్పండి, అవసరమైతే మీ ఫోను నుంచే చేయించండి. ఆసుపత్రికి పోతే తోడు వెళ్లండి. ఒంటరిగా వెళ్లినవాడు సగం దారిలోనే తిరిగి వస్తాడు.

మేం రెండవ అర్జీ రాశాం. ఈసారి గది అడిగాం, పడకలు అడిగాం, వీధి దీపాలు అడిగాం, గంజాయి అమ్మేవాడి మీద చర్య అడిగాం. మొదటి అర్జీకి వారంలో వాహనం వచ్చింది. రెండవదానికి నెలలు గడిచినా దీపాలు మాత్రమే వచ్చాయి. గది కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

రెండవ కాగితం మీద మొదటి సంతకం ఆ అక్కదే. సంతకం పెట్టి, కలం నా చేతికి ఇస్తూ ఆమె అన్నది: "సారూ, ఆ ముసలాయన పేరు ఎవరన్న అడిగిండ్రా? అడగకపోతిమి గదా."

అడగలేదు. ఇకనైనా అడుగుదాం.