షక్ ఎవరిది, సబూత్ ఎవరిది?

దొంగ ఓటు ద్రోహమే. దాన్ని మేం వెనకేసుకు రావడం లేదు. ఒక దొంగ ఓటు పడితే ఎక్కడో ఒక నిజమైన ఓటు చచ్చిపోతుంది. అది చాలాసార్లు గరీబువాడి ఓటే అయి ఉంటుంది. బూతుల ఆక్రమణ అంటే ఏమిటో మన పల్లెలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కనుక ఎన్నికలకు కాపలా ఉండాలా వద్దా అన్నది కాదు మా ప్రశ్న. ఆ కాపలా భారం ఎవరి నెత్తిన పడాలన్నదే ప్రశ్న.

అమెరికాలోని జార్జియా రాష్ట్రాన్ని చూడండి. 2020 అధ్యక్ష ఎన్నికలో అక్కడ బైడెన్ 11,779 ఓట్ల తేడాతో గెలిచాడు. సుమారు 50 లక్షల ఓట్లను చేత్తో కూడా మళ్ళీ లెక్కపెట్టారు. గెలిచినవాడు మారలేదు. అయినా షక్ చావలేదు. 2021 మార్చిలో రాష్ట్ర శాసనసభ 'ఎన్నికల నిజాయితీ' పేరుతో ఒక చట్టం చేసింది. పోస్టులో ఓటేసేవాళ్ళకు సంతకం ఒక్కటే చాలదు, గుర్తింపు కార్డు నంబరు కావాలంది. క్యూలో నిలబడ్డవాళ్ళకు బయటివాళ్ళు మంచినీళ్ళివ్వడాన్ని నేరం చేసింది. 2023లో ఒక ఫెడరల్ జడ్జి ఈ నిషేధంలో కొంత భాగాన్ని తాత్కాలికంగా ఆపాడు. ముందస్తుగా ఓటేసే శనివారాలను పెంచిందీ ఈ చట్టమే. ఆ మంచినీ ఒప్పుకోవాలి.

కానీ ఇంకొక నిబంధన ఉంది. ఒక ఓటరు తన కౌంటీలో ఎంతమంది ఓటర్ల అర్హతనైనా సవాలు చేయవచ్చు. లెక్కకు హద్దు లేదు. ఆ తర్వాత వేలకొద్దీ సవాళ్ళు వచ్చాయి. షక్ పడ్డవాడికి పోయేది ఒక కాగితం. షక్కుకు గురైనవాడికి పోయేది ఓటు.

ఇదే జార్జియాలో 1945 దాకా ఓటు పన్ను ఉండేది. ఆ పన్ను చట్టంలో నల్లవాళ్ళని రాసి లేదు. చట్టం అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం కొందరికే. అందుకే 1965 ఓటు హక్కు చట్టం ఇలాంటి రాష్ట్రాలు ఎన్నికల పద్ధతి మార్చాలంటే కేంద్రం అనుమతి ముందే తీసుకోవాలంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ కట్టడి పోయింది. 2021 చట్టం, ఓటు పన్ను ఒకటేనని మేం అనం. కానీ రెండింటినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: దెబ్బ ఎవరికి?

ఈ ప్రశ్న మాకు పరాయిది కాదు. విదేశీయులన్న అనుమానంతో ఢిల్లీలోనూ ముంబాయిలోనూ ఓటర్లకు నోటీసులిస్తే, 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. జాబితాలో ఉన్న పేరు సక్రమంగానే చేరిందని ముందు నమ్మాలి. తీసేయాలంటే నోటీసివ్వాలి, అతడు చెప్పేది వినాలి. 2025లో బీహారు ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు కనపడలేదు. వాళ్ళలో చనిపోయినవాళ్ళూ, వలసపోయినవాళ్ళూ ఉన్నారు. అయినా కారణాలతో సహా పేర్లు బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కాగితం అందరినీ ఒకేలా అడుగుతుందంటారు. మా పేర్లు చూడండి. ఉర్దూలో పిలిచిన పేరు తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో ఇంకొకలా ఎక్కుతుంది. ఒక కార్డులో షేక్, ఇంకోదాంట్లో షైక్. తల్లి పేరు ఒకచోట బీ, ఒకచోట బేగం. రాసింది గుమాస్తా. సంజాయిషీ చెప్పేది మేం.

కార్డు అడగండి, కాదనం. అయితే ఆ కార్డును సర్కారే గడప దాకా తేవాలి. షక్ పడ్డవాడే సబూత్ చూపాలి. దొంగ ఓటు ఒకటి పడితే ఎంత బాధపడతామో, అసలు ఓటరు ఒకడు వెనక్కి పోయినా అంతే బాధపడాలి. హక్కు అన్న మాట ఉర్దూ నుంచే తెలుగులో కలిసింది. తనది కాదని ఎవరూ అనకపోయినా రోజూ రుజువు చేసుకోవాల్సివస్తే దాన్ని హక్కు అనరు, దయ అంటారు. మేం దయ అడగడం లేదు.