ఏలీ చూచినది, ఏలీ అనుకొనినది

చదువవలసిన భాగము: మొదటి సమూయేలు 1:9-18



షిలోహులోని మందిరమునొద్ద హన్నా తన దుఃఖమును మనస్సులోనే దేవునితో చెప్పుకొనుచుండెను. బయటికి కనబడినది పెదవుల కదలిక మాత్రమే. ద్వారబంధమునొద్ద కూర్చున్న యాజకుడు ఏలీ ఆ కదలికను చూచి, ఈమె త్రాగియున్నదనుకొనెను. చూచినదానికిని అనుకొనినదానికిని నడుమ ఎంత దూరమున్నదో గమనించితిమా? ఏలీ అబద్ధికుడు కాడు. కన్నులు కొంత చూపగా, మిగిలినది అతని మనస్సే కల్పించి యిచ్చెను. అది తన కల్పనయని మాత్రము అతనికి చెప్పలేదు.

హైదరాబాదులోని బోరబండకు చేరువనే జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు అను సినిమావారి పేటలున్నవి. అక్కినేని నాగేశ్వరరావుగారు నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియో 1976 మొదలుకొని ఆ ప్రాంతమందే యున్నది. సినిమా చూడవచ్చునా కూడదా యను వాదము నేడు మనకు వద్దు. అక్కడ జరుగు ఒక పనిని మాత్రము చూతము. దానిని డబ్బింగు అందురు. బొమ్మ ముందే తీయబడును. తరువాత వేరొకరు మూసిన గదిలో నిలిచి, తెరమీది పెదవులను చూచుచు, వాటికి సరిపడు మాటలు పలుకుదురు. తమిళములో తీసిన బొమ్మ తెలుగులో మాటలాడును. హాలులో కూర్చున్నవారికి ఆ మాట ఆ నోటినుండియే వచ్చినట్లు తోచును. మన మనస్సు ఈ పనినే జీతము లేకుండ రాత్రింబవళ్లు చేయుచున్నది.

పనికొరకు మన పల్లెలు విడిచి బోరబండవంటి పేటలలో అద్దె గదులలో ఉండు బిడ్డలున్నారు గదా. ఒక ఆదివారము కుమారుడు ఫోను చేయడు. తల్లికి తెలిసినది అంతమట్టుకే. సాయంకాలమునకు మనస్సు, కోడలు చేయనీయలేదనును. రాత్రికి ఆ కోడలి గొంతుతోనే మాటలాడును. మరుసటి ఆదివారమునకు, నేను చచ్చినను వాడు రాడనును. అటుపిమ్మట కుమారుడు నిజముగా ఫోను చేసినప్పుడు ఆ తల్లి కసురుకొనునది అతనిని కాదు, వారము దినములు తాను వినుచున్న ఆ గొంతును. ఇట్లు కుటుంబములు విడిపోవుచున్నవి. ఏండ్ల తరబడి ఒకే చాపమీద కూర్చుండని సహోదరులు సంఘములలోను ఉన్నారు. మొదటి మాట ఎవరన్నారని అడిగినచో ఇద్దరికిని జ్ఞాపకముండదు.

ఆదికాండము 4వ అధ్యాయములో, కయీను చేయి ఎత్తకముందే దేవుడు అతని కోపమునకు కారణమడిగెను. తెలియక అడుగలేదు, కయీను తన లోపల చూచుకొనవలెనని అడిగెను. అతడు చూచుకొనలేదు. 42వ కీర్తన వ్రాసిన భక్తుడైతే, నీవేల క్రుంగితివని తన ప్రాణమును తానే ప్రశ్నించెను. 43వ కీర్తన ముగియులోగా ఆ ప్రశ్న మూడుసారులు వచ్చుచున్నది. ఒక్కసారి అడిగిన చాలదు కాబోలు.

కోపము పుట్టిన వెంటనే మోకరించి రెండు సంగతులు వేరుచేసి చెప్పుకొందము: ప్రభువా, నేను చూచినది ఇది, నేను అనుకొనినది ఇది. మొదటిది తరచుగా బహు చిన్నదై యుండును. రెండవదానిలో మన పాత గాయములు, మన భయములు బయటపడును. ఏలీ యింట దుర్మార్గులైన ఇద్దరు కుమారులుండిరి. మందిరములో చెడుగు చూచి చూచి, హన్నాయందును చెడుగునే ముందుగా తలంచెనేమో.

అయినను ఆ వృద్ధునియందు ఒక మేలున్నది. హన్నా తన వేదన తెలుపగానే, నేను యాజకుడను, నా మాటే మాట అని అతడు పట్టుపట్టలేదు. అప్పుడే సమాధానముతో ఆమెను దీవించి పంపెను. ఆమె వెళ్లి భోజనము చేసెను.

ఈ నెల ప్రభురాత్రి భోజనమునకు ముందు ఆ తల్లియే ఫోను చేయవచ్చును. “నాయనా, ఈ వారము పని దొరికినదా? కోడలును పిల్లలును కులాసాయేనా?” అని అడిగి, అతడు చెప్పుట ముగించువరకు ఊరకుండవచ్చును.